సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వైపు తక్కువ బడ్జెట్‌లో సెలవుల ఇల్లు: సముద్రమా, ఉద్దానమా, కొండ అంచా?

రాజాం_రోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాదులో. సంక్రాంతికి, వేసవి సెలవులకు, మధ్యలో ఒకటి రెండు వారాంతాలకు వచ్చి ఉండేలా చిన్న ఇల్లు కావాలి. ఏడాదిలో 30 నుంచి 40 రోజులే ఉంటాం, మిగతా కాలమంతా తాళమే. స్థలం, ఇల్లు కలిపి 25 నుంచి 30 లక్షల్లో తేలాలి. రెండు గదులు, వంటగది, వరండా, 600 చదరపు అడుగులు చాలు.

నాలుగు చోట్లు ఆలోచనలో ఉన్నాయి.

1. సోంపేట, బారువ వైపు (ఉద్దానం, అంటే శ్రీకాకుళం ఉత్తర తీరపు తోటల ప్రాంతం) సముద్రానికి దగ్గరగా 5 సెంట్లు.
2. భోగాపురం, పూసపాటిరేగ వైపు లేఅవుట్ ప్లాటు.
3. ఎస్.కోట, తాటిపూడి వైపు కొండ కనిపించేలా. అరకులో కూడా చవకగా ఉన్నాయని బ్రోకర్లు చెబుతున్నారు.
4. రాజాం దగ్గర ఊళ్ళో పాత పెంకుటిల్లు కొని బాగు చేయించడం.

ఆఫీసులో కొందరు కూర్గ్ అంటున్నారు, ఇంకొందరు హిమాచల్ అంటున్నారు. మన జిల్లాలకూ వాటికీ కొనే పద్ధతిలో తేడా ఏమిటి? ఇక్కడ ఒక్కో చోట ఏం చూసుకోవాలి, ఏది చెడుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

జిరాయితీ

మాస్టారూ, ముందు అరకు సంగతి తేల్చేద్దాం, ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. అరకు, అనంతగిరి షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటికి వచ్చిన 1970 సవరణ (అందరూ 1/70 అనేది ఇదే) ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరుడికి బదిలీ కావడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. అందుకే "99 ఏళ్ళ లీజు రాసిస్తాం" అన్న మాటకూ విలువ లేదు. గిరిజనుడి పేరు మీద కొని వెనక ఒప్పందం రాసుకునే పద్ధతి ఇంకా ప్రమాదం, కోర్టులో ఆ కాగితం నిలవదు. ఈ నిబంధనలు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. గిరిజనుల భూమి వాళ్ళ దగ్గరే ఉండాలని పెట్టిన రక్షణ అది. సందు వెతకడం తప్పు కూడా.

సాలూరు, పాచిపెంట, మక్కువ వైపు ఇంకో చిక్కుంది. ఒకే మండలంలో కొన్ని గ్రామాలు షెడ్యూల్డ్, కొన్ని కావు. మండలం పేరు చూసి నిర్ణయించకండి. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు రాసుకుని తహసీల్దారు కార్యాలయంలోనో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)లోనో అడగండి. ఎస్.కోట, గంట్యాడ మండలాల మైదాన గ్రామాలు కొండకు ఈ పక్కన ఉంటాయి కాబట్టి మీ మూడో ఆలోచన బతకాలంటే అక్కడే. ఆ ఊళ్ళకూ గ్రామం వారీగా అడగడం మానొద్దు. తాటిపూడి జలాశయం ఒడ్డున చూపిస్తే నిండు నీటిమట్టం గీత ఎక్కడిదాకా వస్తుందో ఇరిగేషన్ వాళ్ళ దగ్గర కనుక్కోండి. వేసవిలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ నేలను "లేక్ వ్యూ" అని చూపిస్తారు.

ఇక సముద్రం. తీర నియంత్రణ పరిధి, అంటే సీఆర్‌జెడ్, హైటైడ్ లైన్ (పోటు గీత) నుంచి లోపలికి 500 మీటర్ల వరకు వర్తిస్తుంది. 2011 నోటిఫికేషన్ లెక్కన గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు నిర్మాణ నిషేధం. 200 నుంచి 500 మధ్య ఇళ్ళకు వీలున్నా అది ప్రధానంగా అక్కడే తరతరాలుగా బతికే మత్స్యకార గ్రామాల అవసరం కోసం, ఎత్తు 9 మీటర్లు మించకుండా. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల నిషేధాన్ని 50 మీటర్లకు తగ్గించారు. మిగతా గ్రామీణ తీరానికి 200 అలాగే ఉంది. బారువ, కళింగపట్నం, చింతపల్లి పక్కన స్థలం చూపించి "50 మీటర్లే సార్" అని ఎవరన్నా అంటే ఆ సర్వే నంబరు ఏ వర్గంలో ఉందో మ్యాపు మీద చూపించమనండి.

హైటైడ్ లైన్ అంటే మీరు వెళ్ళిన రోజు అల తాకిన చోటు కాదు, మ్యాపులో గుర్తించిన గీత. ఇసుక మీద టేపు పెట్టి కొలిచి "300 మీటర్లు ఉంది" అంటే ఒప్పుకోకండి. ఇంకోటి, నదీముఖాల్లో ఉప్పునీరు వెనక్కి ఎక్కే పాయలకూ ఇదే చట్టం. మహేంద్రతనయ బారువ దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, చంపావతి కోనాడ దగ్గర కలుస్తాయి. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్నా పాయ పక్కన ఉంటే నిషేధం తగలొచ్చు.

తీరంలో ఇసుక నేలలు చాలా చోట్ల డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి), లేదా ప్రభుత్వ పోరంబోకు. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం నిషేధం. తర్వాత సవరణలు వచ్చాయి, ఫ్రీహోల్డ్ (పూర్తి హక్కు) పేరిట 22ఎ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) నుంచి కొన్ని తీశారు, 2024లో వాటి రిజిస్ట్రేషన్లు మళ్ళీ ఆపారు. ఇంత ఊగిసలాట ఉన్న భూమి మీద సెలవుల ఇల్లు కట్టొద్దు. జిరాయితీ (సొంత పట్టా భూమి) అయితేనే ముందుకు వెళ్ళండి.

కాగితాలు ఈ వరుసలో చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22ఎ నిషేధిత జాబితా, తర్వాత మీభూమి (ప్రభుత్వ భూరికార్డుల సైట్)లో 1బి (హక్కుదారు రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఎఫ్‌ఎంబీ (కొలతల పటం), తర్వాత కనీసం 30 ఏళ్ళ ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం). ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్ళు ఒకప్పటి విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస ఎస్టేట్ల కిందవి. అక్కడ మూలం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్టేట్ల రద్దు తర్వాత తయారైన భూమి రికార్డు. అందులో భూమి "గయాలు" (హక్కుదారు వదిలేసిన భూమి) అనో "పోరంబోకు" అనో ఉంటే తర్వాతి పత్రాలు ఎన్ని ఉన్నా ఆగిపోండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు రెండూ దస్తావేజులో రాయించండి. రెండింటి విస్తీర్ణంలో తేడా ఉంటే సరి చేయించాకే అడ్వాన్సు.

రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం లెక్క వేసుకోండి: స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రుసుము 1.

ఉప్పుగాలి

కాగితం సంగతి పైన చెప్పారు. కట్టడం సంగతి నేను చెబుతాను. సోంపేట వైపు 600 అడుగుల ఇల్లూ, రాజాం దగ్గర అదే ఇల్లూ ఒకే ఖర్చులో అయిపోవు. సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లలో ఉంటే ఉప్పు కాంక్రీటులోకి దిగుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్లాబు కింద పెచ్చులు ఊడతాయి. ఎనిమిది పదేళ్ళ ఇళ్ళకే సన్‌షేడ్ కింద కడ్డీలు కనబడటానికి కారణం ఇదే.

ఐఎస్ 456 (కాంక్రీటుకు భారత ప్రమాణం) ప్రకారం తీర వాతావరణం "తీవ్రం" వర్గంలోకి వస్తుంది. దానికి ఎం30 (బలాన్ని బట్టి రకం) కాంక్రీటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45 మించకుండా, ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, కడ్డీ మీద 45 ఎంఎం కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) ఉండాలి. మామూలుగా మేస్త్రీలు వేసే 1:1½:3 పాళ్ళు ఎం20 మాత్రమే. కవరు బ్లాకులు కూడా స్లాబుకు 20 ఎంఎంవే తెస్తారు. బ్లాకులు మీరే కొనిచ్చి, కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం ఒకసారి వంగి చూడండి. రాతి ముక్కలు పెట్టి ఉంటే తీయించేయండి.

0.45 అంటే 50 కిలోల బస్తాకు 22 లీటర్ల చిల్లర నీళ్ళు. ఇసుక తడిగా ఉంటే అందులోనూ తగ్గించాలి. "గట్టిగా ఉంది, పని సాగట్లేదు" అని మేస్త్రీ ఇంకో బకెట్ పోయబోతాడు. అక్కడే ఇల్లు సగం పాడవుతుంది. నీళ్ళు కాదు, ప్లాస్టిసైజర్ కలపాలి, డబ్బా మీద రాసిన మోతాదులో. రెడీమిక్స్ తెప్పిస్తే ప్లాంటు నుంచి లారీ గంటలోపు చేరాలి, దారిలో నీళ్ళు కలపకూడదని ముందే చెప్పాలి.

సిమెంటు మామూలు ఓపీసీ కంటే స్లాగ్ సిమెంటు, అంటే పీఎస్‌సీ, ఉప్పును బాగా అడ్డుకుంటుంది. దానికి బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు తడపాలి. గోనె సంచులు పరిచి తడపండి, పైపుతో ఉదయం ఒకసారి చల్లితే సరిపోదు.

నీళ్ళు, ఇసుక ముఖ్యం. కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. అక్కడి బావి నీళ్ళే వాడదామంటే ముందు ల్యాబులో పరీక్ష చేయించండి. ఇసుక వంశధార, నాగావళి నదిదే అయినా ముఖద్వారం దగ్గర తవ్వింది వద్దు, ఉప్పు ఉంటుంది. పాయల ఇసుక చవకగా ఇస్తారు, తీసుకోకండి.

600 అడుగుల ఒక అంతస్తు ఇంటికి ఉజ్జాయింపుగా 240 బస్తాల సిమెంటు, 2.1 నుంచి 2.4 టన్నుల ఇనుము పడతాయి. తీరంలో ఎం30 వల్ల సిమెంటు దీనికంటే పెరుగుతుంది. కడ్డీని ఒకేసారి తెచ్చి ఇసుకలో పడేయకండి. ఏ వారం పనికి ఆ వారమే తెచ్చి, చెక్కల మీద పెట్టి కప్పండి.

కిటికీలకు యూపీవీసీ, లేదా పౌడర్ కోటింగ్ అల్యూమినియం. గ్రిల్‌కు మామూలు ఇనుము వేస్తే ఏటా రంగు వేయాలి. స్టీలు బిగింపులు 304 రకం కూడా మచ్చలు పడతాయి, 316 అడగండి. ఏసీ బయటి యూనిట్‌ను సముద్రం వైపు గోడకు పెట్టకండి, వెనక గోడకు పెట్టండి.

తుఫాను లెక్కా ఇక్కడే ఉంది. 2013 ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2021 గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. తిత్లీలో గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు వీచింది, ఉద్దానంలో కొబ్బరి తోటలకు తోటలే పడిపోయాయి. అందుకే ఉద్దానం, తీరం రెండు చోట్లా పైకప్పు స్లాబే వేయండి. వరండాకు రేకు వేస్తే దాన్ని ఇంటి కప్పుతో కలపకుండా వేరుగా కట్టండి. అది లేచిపోయినా ఇల్లు నిలుస్తుంది. చూరు బయటికి అడుగున్నర మించనీయకండి. రేకు అంచుల్లో, మూలల్లో స్క్రూల మధ్య దూరం మధ్యభాగంలో వేసేదానికి సగం ఉండాలి, గాలి లేపేది అక్కడి నుంచే. స్థలంలో కొబ్బరిచెట్టు ఉంటే దాని ఎత్తెంతో అంత దూరంలో ఇల్లు పెట్టుకోండి.

ముందు సరుగుడు తోట ఉన్న స్థలం మంచిదే, గాలిని, ఉప్పును విరుస్తుంది. కానీ ఆ తోట అటవీ శాఖదో ఎవరిదో కనుక్కోండి, దారి దాని గుండా ఉంటే చిక్కు.

రాజాం_రోడ్డు

ఇద్దరికీ ధన్యవాదాలు. అరకు వదిలేశాను. 5 సెంట్లలో నీళ్ళ సంగతి కూడా చెప్పగలరా? ఉద్దానం నీళ్ళ గురించి ఇంట్లో భయపడుతున్నారు.

కవిటి_కొబ్బరి

నీళ్ళు రెండు వేరు వేరు విషయాలు, కలపొద్దు.

తీరంలో ఇసుక కింద మంచినీళ్ళు పల్చని పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. లోతుగా బోరు వేసి పెద్ద మోటారు పెట్టారంటే కింది ఉప్పునీరు పైకి లేస్తుంది, ఆ తర్వాత ఆ చోట మంచినీరు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే అక్కడ వాళ్ళు నేలబావులు తవ్వుకుంటారు, అదే సరైన పద్ధతి. సిమెంటు వరల బావి, అర హెచ్‌పీ మోటారు, కొద్దికొద్దిగా తోడి ట్యాంకు నింపుకోవడం. కొనే ముందు పక్కింటి బావిలో మే నెలలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) చూడండి. వానాకాలంలో చూస్తే అన్నీ తియ్యగానే ఉంటాయి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 వరకు అనుమతించిన పరిమితి.

5 సెంట్లంటే 242 గజాలు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకోండి. సోక్‌పిట్ (మురుగునీరు ఇంకే గుంత) తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి, 18 మీటర్లంటే 59 అడుగులు. మీ స్థలంలో బావి ఒక మూల, సోక్‌పిట్ దానికి ఐమూలగా ఉన్న మూల పెడితేనే అతికినట్టు సరిపోతుంది. కానీ పక్క ప్లాటు వాడి సోక్‌పిట్ మీ బావి పక్కనే పడితే? ఇసుక నేలలో మురికి వేగంగా నడుస్తుంది. కాబట్టి 5 సెంట్ల ప్లాట్లు గీసిన కొత్త లేఅవుట్‌లో సొంత బావి మీద ఆధారపడొద్దు, పంచాయతీ కుళాయి ఉందా లేదా అన్నదే చూడండి. 10 సెంట్లయితే ఆలోచించొచ్చు.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి వేరు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నా కారణం ఒక్కటే అని తేలలేదు. భూగర్భజలం మీద అనుమానం ఉన్నందున హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చారు. ఆ పథకాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. మీరు చూసే వీధికి ఆ లైను వచ్చిందో లేదో, వారంలో ఎన్ని రోజులు వస్తుందో వీధిలో ఆడవాళ్ళనే అడగండి, వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. వచ్చినప్పుడు పట్టుకోవడానికి నేలమీద 1,000 లీటర్ల సంపు, పైన 500 లీటర్ల ట్యాంకు మీకు చాలు.

ఒక మాట చెప్పాలి. ఉద్దానమంటే జబ్బే గుర్తొచ్చేలా అయిపోయింది గానీ, జీడి, పనస, కొబ్బరి నీడలో ఆ ఊళ్ళంత చల్లని ఊళ్ళు తీరమంతా వెతికినా తక్కువ. సముద్రానికి నాలుగైదు కిలోమీటర్లు వెనక్కి, తోటల మధ్య చూడండి. సీఆర్‌జెడ్ గొడవ ఉండదు, ఉప్పు తగ్గుతుంది, సోంపేట, పలాస స్టేషన్లు దగ్గర. అయితే జీడిపళ్ళ కాలంలో తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. చీకటి పడ్డాక, తెల్లవారుజామున తోటల్లో ఒంటరిగా తిరగకండి. పండిన పనసకాయలు, చెత్త ఇంటి చుట్టూ వదలకండి. గేటు దగ్గర లైటు తప్పనిసరి.

దేశం_తిరుగు

ఇతర ప్రాంతాలతో పోలిక అడిగారు కదా.

హిమాచల్‌లో 1972 కౌలు, భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ కింద ఆ రాష్ట్రపు వ్యవసాయదారుడు కానివాడు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేడు. అందుకే బయటివాళ్ళు అక్కడ ఎక్కువగా అనుమతి పొందిన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లకు వెళతారు. ఉత్తరాఖండ్‌లో పురపాలక పరిధి బయట ఇంటికోసం బయటివాళ్ళకు 250 చదరపు మీటర్ల హద్దు పెట్టారు, 2025లో నిబంధనలు ఇంకా బిగించారు. కర్ణాటకలో వ్యవసాయదారులు కానివారు పొలం కొనడంపై ఉన్న ఆంక్షను 2020లో ఎత్తేశారు. కూర్గ్‌లో చట్టం అడ్డు తక్కువే గానీ కాఫీ తోట భూమిని ఇంటి స్థలంగా మార్పించడం పెద్ద పని, ధర మీ బడ్జెట్‌కు అందదు.

ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా గోపాల్‌పూర్ చూస్తామంటే ఒడిశాలో రికార్డులు ఒడియాలో ఉంటాయి. భూమి రకం "ఘరబారి" అని ఉంటేనే ఇంటి స్థలం. లేకపోతే ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ కింద మార్పించాలి. ఎస్సీ, ఎస్టీ రైతు నుంచి కొనడానికి అదే చట్టం 22వ సెక్షన్ కింద అనుమతి ఉండాలి. 40 కిలోమీటర్ల తేడాకు చట్టం, భాష, ఆఫీసు అన్నీ మారిపోతాయి.

మన దగ్గర పొలం కొనడానికి వ్యవసాయదారుడై ఉండాలన్న షరతు లేదు. ఇది మనకున్న పెద్ద సౌలభ్యం. అందుకే ఇక్కడ కొనడం తేలిక, కాపాడుకోవడమే కష్టం.

మీ రెండో ఆలోచన గురించి నా అభిప్రాయం: భోగాపురంలో విమానాశ్రయం వల్ల ధర ఎక్కింది. అక్కడ కొనేది పెట్టుబడికి, సెలవులకు కాదు. విమానాల దారి కింద ప్రశాంతత వెతకడంలో అర్థం లేదు. పెట్టుబడికే అయినా వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందా, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందా చూడండి. రణస్థలం మండలం కొవ్వాడ వైపు చవకగా చూపిస్తే అణువిద్యుత్ కేంద్రానికి భూసేకరణ జరిగిన చోటని గుర్తుంచుకోండి. మూలపేట ఓడరేవు చుట్టుపక్కలా ఇదే జాగ్రత్త.

బ్యాంకు రుణం తీసుకుంటే, 30 లక్షల లోపు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు హద్దు. కానీ పల్లెటూరి ఇంటికి బ్యాంకు అంత ఇవ్వదు. ఆదాయపు పన్నులో రెండు ఇళ్ళను సొంత నివాసంగా చూపించి అద్దె విలువ సున్నా వేసుకోవచ్చు. కొత్త విధానంలో అలాంటి ఇంటి వడ్డీకి మినహాయింపు రాదు.

సావిడి_గోడ

నలుగురూ కొత్త స్థలం గురించే చెప్పారు. నా ఓటు నాలుగోదానికి. ఏడాదిలో 330 రోజులు తాళం వేసే ఇల్లు చుట్టూ మనుషులున్న వీధిలోనే ఉండాలి. తోటలో ఒంటరి ఇంట్లో మోటారు, వైర్లు, కుళాయిలు మాయమవుతాయి. వీధిలో ఇల్లు అయితే కిటికీ ఊడినా ఎదురింటి అత్త ఫోను చేసి చెబుతుంది.

అయితే పాత ఇంట్లో మూడు చిక్కులు.

మొదటిది గ్రామకంఠం. ఊరి నడుమ ఇళ్ళకు విడివిడి సర్వే నంబరు ఉండదు, 1బి రాదు. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో, పాత దస్తావేజు ఏదైనా ఉంటే అది, ఇవే ఆధారం. దస్తావేజులో నాలుగు దిక్కులా హద్దులు, పొరుగువాళ్ళ పేర్లతో, అడుగులతో రాయించండి. పొరుగువాళ్ళిద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టిస్తే తర్వాత గొడవ సగం తగ్గుతుంది. గ్రామకంఠం ఇంటికి రుణం దొరకడం కష్టం, నగదు చూసుకునే దిగండి.

రెండోది వారసులు. పెద్దాయన పేరున ఉన్న ఇల్లు కొడుకులు ముగ్గురే వచ్చి అమ్ముతామంటారు. ఆడపడుచులకూ సమాన హక్కు ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీయించి, అందులో ఉన్న ప్రతి పేరుకూ సంతకం ఉండేలా చూడండి. పెళ్ళయి బరంపురంలోనో రాయగడలోనో స్థిరపడ్డ ఆడపడుచు సంతకం కోసం నెల రోజులు ఆగినా పర్వాలేదు. ఆమెకు రావాల్సింది ఆమెకు ఇచ్చారని మీ మనసుకూ తెలియాలి.

మూడోది ఉమ్మడి గోడ. మన వైపు ఇళ్ళు వీధి పొడవునా ఒకదానికొకటి ఆనుకుని బారుగా ఉంటాయి. పక్కింటి దూలాలు మీ గోడలోకే దిగి ఉంటాయి. మీరు పడగొట్టి కట్టబోతే వాళ్ళ కప్పు దిగుతుంది. అందుకే పూర్తిగా కూల్చకండి. ఉమ్మడి గోడను వదిలి, లోపల 9 అంగుళాలు విడిచి కొత్త స్తంభాలు వేసి, వాటి మీద మీ భారం మోయించండి. ఆ 9 అంగుళాల సందు పైన వాన నీరు దిగకుండా రేకు గానీ స్లాబు పెదవి గానీ ఉండాలి.

పెంకు ఉంచేద్దామనుకుంటే నాటుపెంకు తీసి మంగళూరు పెంకు వేయించండి. నాటుపెంకును రెండు మూడేళ్ళకోసారి సర్దించాలి, సర్దే మనుషులు దొరకడం లేదు. దూలం గట్టిదో కాదో చూడాలంటే గోడలోకి దిగే చివర స్క్రూడ్రైవరుతో పొడవండి. మధ్యలో ఎంత నిగనిగలాడినా చివర అర అంగుళం దిగిందంటే చెద తినేసినట్టే. వాసాలు మార్చేటప్పుడే గోడ అడుగున చెదల మందు వేయించండి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. నేలకూ గోడకూ కలిసే చోట అడుగు దూరానికో రంధ్రం చేసి నింపి, సిమెంటుతో మూయాలి. బావికి దగ్గరగా మాత్రం వేయకండి.

తాళం వేసి వెళ్ళేటప్పుడు చేయాల్సిన పనులు కూడా రాస్తాను, ఏ చోట కొన్నా ఇవే.

బాత్రూము, సింకు జాలీల్లో నిలిచే నీరు నెల రోజుల్లో ఆరిపోతుంది. అప్పుడు దుర్వాసన, బొద్దింకలు వస్తాయి. వెళ్ళే ముందు ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల నూనె వేయండి, నూనె తెట్టు నీటిని చాలా రోజులు ఆపుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించండి, లేకపోతే దోమలు. ఇన్వర్టరు బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ నింపి, పూర్తిగా చార్జి చేసి, తీగ ఊడదీయండి. మూడు నెలలకు మించి వదిలితే అది లేవదు, మధ్యలో ఎవరిచేతనైనా ఒక రోజు చార్జి పెట్టించాలి. మోటారును నెలకు రెండుసార్లు పది నిమిషాలు తిప్పించండి, లేకపోతే ఇరుసు పట్టేస్తుంది. పరుపులు గోడకు నిలబెట్టండి. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లో కట్టేయొచ్చు, వాడకపోయినా కనీస మొత్తం వస్తూనే ఉంటుంది. బకాయి పడితే సర్వీసు తీసేస్తారు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు ప్రతి ఏడూ దాచండి. గ్రామకంఠంలో దస్తావేజుతో పాటు అది మీకు ముఖ్యమైన ఆధారం.

తాళం చెవి ఇచ్చే మనిషికి నెల జీతం మాట్లాడుకుని ఇవ్వండి. పండక్కి చీరో పంచో పెడితే సరిపోతుందనుకోకండి. నెలకు రెండుసార్లు తలుపులు తెరిచి, ఊడ్చి, మోటారు తిప్పి, నాలుగు ఫొటోలు పంపడం, ఇంతే పని. రాతలో ఉంటే ఇద్దరికీ మంచిది.

రాజాం_రోడ్డు

చాలా స్పష్టత వచ్చింది. వచ్చే వారం రాజాం దగ్గర ఇంటికి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడుగుతున్నాను. స్క్రూడ్రైవరు కూడా పట్టుకెళ్తాను. ఇల్లు కుదరకపోతే కవిటి వైపు తోటల్లో 10 సెంట్లు మే నెలలో టీడీఎస్ మీటరుతో చూస్తాను.

జిరాయితీ

ధ్రువీకరణ పత్రంలో చనిపోయిన కొడుకు ఎవరైనా ఉంటే అతని భార్య, పిల్లల పేర్లు కూడా ఉన్నాయో లేదో చూడండి మాస్టారూ. ఎక్కువగా వదిలేసేది వాళ్ళనే. పిల్లలు మైనర్లయితే వాళ్ళ వాటా విషయంలో కోర్టు అనుమతి సంగతి ముందే వకీలుతో మాట్లాడండి. అది తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.